స్క్రీమ్ సిరీస్: ఏ భాగం గ్యాంగ్‌తో కూర్చోవాలి?

స్క్రీమ్ అనే హాలీవుడ్ హారర్ సిరీస్‌లోని సినిమాలన్నిటికీ అస్థిపంజరం ఒక్కటే. ఎవడో ఫోన్ చేస్తాడు, తెల్ల ముసుగు తగిలించుకుని కత్తి పట్టుకుని వస్తాడు, ఆఖర్లో ముసుగు తీస్తే అప్పటిదాకా మన పక్కనే తిరిగిన మనిషి కనిపిస్తాడు. అందుకని "ఏ భాగం చూడమంటారు" అని ఎవరైనా అడిగితే కథ గురించి మాట్లాడి లాభం లేదు. ఏ గ్యాంగ్‌తో రెండు గంటలు కూర్చోవాలనుందో చెప్పండి, దాన్నిబట్టి సినిమా తేలిపోతుంది. ఈ రాత అందుకోసమే. హంతకులెవరో ఎక్కడా చెప్పను, ఎవరు పోతారో కూడా వీలైనంత వరకు చెప్పను. డ్రూ బ్యారీమోర్ సంగతి ఒక్కటే మినహాయింపు, అది దాదాపు ముప్ఫై ఏళ్లుగా ప్రపంచమంతా తెలిసిన విషయం కాబట్టి.

మిగతా స్లాషర్ సిరీస్‌లలో, అంటే హంతకుడు ఒక్కొక్కర్నీ చంపుకుంటూ పోయే సినిమాల్లో, అసలు స్టార్ హంతకుడే. హాలోవీన్ అంటే మైకేల్ మయర్స్, ఫ్రైడే ద థర్టీంత్ అంటే జేసన్. హాలోవీన్ హీరోయిన్ జేమీ లీ కర్టిస్ లాంటి ఒకరిద్దరిని పక్కనపెడితే చుట్టూ ఉన్న కుర్రకారంతా కరివేపాకు బాపతే. 1980లో ఫ్రైడే ద థర్టీంత్ మొదటి భాగంలో కెవిన్ బేకన్ ఉన్నాడని ఇప్పుడు గొప్పగా చెప్పుకుంటాం గానీ, ఆ పాత్ర పేరేమిటో చెప్పమంటే ఎంతమంది చెప్తారు? స్క్రీమ్‌లో మాత్రం లెక్క తిరగబడింది. ముసుగు ఒకటే, లోపలి మనిషి ప్రతిసారీ మారతాడు. మారనిది ఫోన్‌లో గొంతు, అది మొదటి నుంచీ రోజర్ ఎల్. జాక్సన్‌ది. మొదటి సినిమా తీసేటప్పుడు ఆయన్ని నటుల కంటపడకుండా ఉంచి, నిజంగానే ఫోన్ చేయించి మాట్లాడించారు. హంతకుడికి సొంత మొహం లేదు కాబట్టి భారమంతా చుట్టూ ఉన్నవాళ్ల మీద పడింది, ప్రతి భాగంలోనూ కనీసం ఏడెనిమిది మంది గట్టి నటులు లేకపోతే ఈ ఆట నడవదు.

నేను కొలిచే పద్ధతి సింపుల్. ఒక పాత్ర చస్తే అయ్యో అనిపించాలి, అదే పాత్ర బతికుంటే అనుమానం రావాలి. రెండూ ఒకేసారి జరగాలి. అయ్యో అని మాత్రమే అనిపిస్తే అది ఫ్యామిలీ డ్రామా, అనుమానం మాత్రమే వస్తే పజిల్. ఆ రెండూ కలిసొచ్చే పాత్రలు ఎన్నుంటే ఆ తారాగణం అంత బలమైనదని నా లెక్క.

ఈ లెక్కలో 1996లో వచ్చిన మొదటి భాగాన్ని కొట్టింది లేదు. వెస్ క్రేవెన్ దర్శకుడు, కెవిన్ విలియమ్‌సన్ రచయిత, ఊరు కాలిఫోర్నియాలోని ఉడ్స్‌బరో అనే కల్పిత పట్టణం. సిడ్నీగా నీవ్ క్యాంప్‌బెల్, ఆమె బాయ్‌ఫ్రెండ్ బిల్లీగా స్కీట్ అల్రిచ్, స్నేహితురాలు టేటమ్‌గా రోజ్ మెక్‌గోవన్, టేటమ్ బాయ్‌ఫ్రెండ్ స్టూగా మాథ్యూ లిల్లార్డ్, సినిమా పిచ్చోడు రాండీగా జేమీ కెన్నెడీ. స్కూల్లో హత్యల వార్త గుప్పుమన్నాక ఈ ఐదుగురూ బయట ఫౌంటెన్ దగ్గర కూర్చుని మాట్లాడుకునే సీన్ ఒకటుంది. తోటి విద్యార్థులు చచ్చిపోయారు, వీళ్లేమో మనిషి పొట్ట ఎలా చీలుస్తారన్న దాని మీద జోకులు. స్టూ నోరు ఆగదు, టేటమ్ కసురుతుంది, రాండీ తెలివి చూపించుకుంటాడు, బిల్లీ మాట తక్కువ చూపు ఎక్కువ, సిడ్నీ ఒక్కతే ఆ మాటలకి లోపల ముడుచుకుపోతుంది. రెండు మూడు నిమిషాల సీన్. అది అయ్యేసరికి ఐదుగురూ మనకి తెలిసినవాళ్లైపోతారు, ఐదుగురి మీదా కాస్త కాస్త అనుమానం కూడా మొదలవుతుంది. గుమ్మడికాయల దొంగ అంటే అందరూ భుజాలు తడుముకునే రకమే.

ఇక డ్రూ బ్యారీమోర్. పోస్టర్ మీద అందరికంటే ముందు కనిపించేది ఆవిడే, హీరోయిన్ అనుకునే జనం థియేటర్‌కి వెళ్లారు. తీరా చూస్తే మొదటి పన్నెండు పదమూడు నిమిషాల్లోనే ఆవిడ కథ అయిపోయింది. మొదట ఆవిడ్ని సిడ్నీ పాత్రకే అనుకున్నారు, తానే ఈ మొదట్లోనే చచ్చిపోయే కేసీ పాత్ర చేస్తానని అడిగి మార్చుకుంది. ఆ ఒక్క నిర్ణయంతో సిరీస్ మొత్తానికి రూల్ పడిపోయింది. ఎంత పెద్ద స్టారైనా సరే, బతుకుతారన్న గ్యారంటీ లేదు.

గేల్ వెదర్స్ అనే టీవీ రిపోర్టర్‌గా కోర్ట్నీ కాక్స్ చేసింది. మనలో చాలామందికి ఆవిడ ఫ్రెండ్స్‌లో మోనికానే, అప్పటికి ఆ సీరియల్ మంచి ఊపులో ఉంది కూడా. అందుకే ఇక్కడ ఆ మొహంలో కర్కశత్వం, మైకు దొరికితే శవం పక్కన కూడా నిలబడే తెగింపు చూస్తే సరదాగా ఉంటుంది. డిప్యూటీ డ్యూయీగా డేవిడ్ ఆర్కెట్. యూనిఫాం వేసుకున్నా చెల్లెలు టేటమ్ దగ్గర కూడా గౌరవం దక్కని అమాయకపు పోలీసు. అసలు స్క్రిప్టులో డ్యూయీ చచ్చిపోవాలి. మనిషి జనానికి నచ్చితే పనికొస్తుందని క్రేవెన్ అతను బతికున్నట్టు ఒక షాట్ ముందే తీసి పెట్టుకున్నాడు. నచ్చింది, వాడారు. నటుడి వల్ల పాత్ర బతకడమంటే ఇదీ.

ఆఖరి పార్టీ సీక్వెన్స్ దాదాపు నలభై నిమిషాలుంటుంది, తీయడానికి 21 రాత్రులు పట్టింది. ఒకే ఇల్లు, అవే మొహాలు, గదులు మారుతుంటాయి, అనుమానం చేతులు మారుతుంటుంది. లిల్లార్డ్ ఆ భాగంలో ఏం చేస్తున్నాడో కళ్లార్పకుండా చూడండి. అంతకుమించి ఒక్క ముక్క చెప్పను.

రెండో భాగం 1997 డిసెంబర్‌లో, అంటే ఏడాది తిరక్కుండానే వచ్చేసింది. హడావిడిగా తీశారు, స్క్రిప్టు కూడా లీకైంది, అయినా పేర్లు చదువుకుంటూ పోతే నోరు తెరవాల్సిందే. సారా మిషెల్ గెల్లర్, జాడా పింకెట్, ఓమర్ ఎప్స్, టిమొతీ ఆలిఫంట్, లారీ మెట్‌కాఫ్, జెర్రీ ఓకానెల్, ఎలీస్ నీల్, పోర్షా డి రోసీ. ఇది కాక మొదటి భాగం హత్యల మీద తీసిన సినిమా ఒకటి ఈ సినిమా లోపల ఆడుతుంటుంది, అందులో హీథర్ గ్రాహమ్, లూక్ విల్సన్, టోరీ స్పెల్లింగ్. మొదటి భాగంలో సిడ్నీ "సినిమా తీస్తే నా పాత్ర టోరీ స్పెల్లింగ్‌కి ఇచ్చేస్తారు నా ఖర్మ" అన్న ధోరణిలో విసుక్కుంటుంది, రెండో భాగంలో నిజంగానే ఆ పాత్ర టోరీ స్పెల్లింగ్‌కే వెళ్లింది. ఇలాంటి చిలిపితనం నచ్చేవాళ్లకి రెండో భాగం పండగ.

కానీ పేర్లు ఎక్కువైన చోట ఒక చిక్కుంది. ఇంతమందిని రెండు గంటల్లో పరిచయం చేయాలంటే కొందరు వచ్చారు వెళ్లారు అన్నట్టే ఉంటుంది. గెల్లర్ పాత్ర సిసీ ఇంట్లో ఒంటరిగా ఉన్న సీన్ చాలా బాగుంటుంది గానీ, ఆ అమ్మాయి ఎవరో మనకి సరిగ్గా తెలియకముందే ఆ సీన్ వచ్చేస్తుంది. మొదటి భాగంలోని ఐదుగురి దగ్గరితనం ఈ కాలేజీ గ్యాంగ్‌కి లేదు. ఈ లోటుని పూడ్చింది ఇద్దరు. ఒకరు కాటన్ వేరీగా లీవ్ ష్రైబర్. మొదటి భాగంలో టీవీలో కాసేపు కనిపించి పోయిన మనిషి, ఇక్కడ జైలు నుంచి బయటికొచ్చి పేరు కోసం, కెమెరా కోసం సిడ్నీ వెంటపడతాడు. అతని మీద జాలిపడాలో భయపడాలో తెలియదు. నా కొలత ప్రకారం మొత్తం సిరీస్‌లో నూటికి నూరు మార్కులు ఇతనికే. రెండోది హ్యాలీగా ఎలీస్ నీల్, ముఖ్యంగా ఆ పోలీసు కారు సీన్‌లో. కారు గుద్దుకుంది, ముందు సీట్లో ముసుగువాడు స్పృహ లేకుండా పడున్నాడు, వెనక డోర్లు లోపలి నుంచి తెరుచుకోవు. సిడ్నీ, హ్యాలీ ఒకరి తర్వాత ఒకరు ముందుకి పాకి, వాడి ఒంటి మీదుగా కిటికీలోంచి బయటపడాలి. మాటల్లేవు. ఆ ఇద్దరమ్మాయిల ఊపిరి, వాడి ముసుగుకి అంగుళం దూరంలో జరిగే చేతులు, అంతే. టెన్షన్ ఎలా పుట్టించాలో తెలియాలంటే ఆ సీన్ చూస్తే చాలు.

మూడో భాగం, 2000. దీన్ని గబగబా తేల్చేస్తాను. నీవ్ క్యాంప్‌బెల్ కాల్షీట్లు కొద్ది రోజులే దొరికాయి, అందుకే సిడ్నీ చాలాసేపు ఎక్కడో కొండల్లో విడిగా ఉంటుంది. రచయిత కూడా మారాడు, ఎరెన్ క్రూగర్ రాశాడు. 1999లో కొలంబైన్ స్కూల్లో కాల్పులు జరిగాక హింస తగ్గించి కామెడీ పెంచమని ఒత్తిడి వచ్చింది. ఫలితం, హాలీవుడ్ స్టూడియోలో తిరిగే సగం కామెడీ సినిమా. ప్యాట్రిక్ డెంప్సీ, ఎమిలీ మోర్టిమర్, స్కాట్ ఫోలీ, లాన్స్ హెన్రిక్సెన్ అందరూ ఉన్నారు, ఎవరూ మనసులో నిలవరు. ఒక్క పార్కర్ పోసీ తప్ప. ఈ కథలో తీస్తున్న సినిమాలో గేల్ పాత్ర వేసే నటిగా పోసీ, అసలు గేల్ వెనకాలే అంటిపెట్టుకుని తిరుగుతుంది, గేల్ కంటే తానే గేల్‌ని బాగా అర్థం చేసుకున్నానని ఆవిడ నమ్మకం. కాక్స్, పోసీ ఒకే ఫ్రేమ్‌లో ఉన్నప్పుడల్లా సినిమా లేచి కూర్చుంటుంది. క్యారీ ఫిషర్ కూడా కాసేపు కనబడి, అచ్చం క్యారీ ఫిషర్‌లా ఉన్నావంటే మండిపడే ఉద్యోగినిగా నవ్విస్తుంది. భయం కోసం అయితే దీని జోలికి వెళ్లకండి. కాక్స్ జుట్టు నుదుటి మీద ఎందుకలా కత్తిరించారో కూడా అడక్కండి.

నాలుగోది 2011. పదకొండేళ్ల గ్యాప్ తర్వాత క్రేవెన్, విలియమ్‌సన్ మళ్లీ కలిశారు, దర్శకుడిగా క్రేవెన్‌కి అదే చివరి సినిమా, 2015లో ఆయన పోయారు. థియేటర్లలో ప్రపంచమంతా కలిపి 97 మిలియన్ డాలర్ల దగ్గర ఆగింది. మొదటిది 173 మిలియన్లు చేసింది కాబట్టి ఫ్లాప్ ముద్ర పడింది. నాకైతే మొదటి భాగం తర్వాత తారాగణం పరంగా నచ్చింది ఇదే. సిడ్నీ పిన్ని కూతురు జిల్‌గా ఎమ్మా రాబర్ట్స్, ఆమె చుట్టూ హేడెన్ పనెటియేర్, రోరీ కల్కిన్, నికో టోర్టొరెల్లా, ఎరిక్ నడ్సన్. పెద్దల వైపు ఆలిసన్ బ్రీ, ఆడమ్ బ్రోడీ, ఆంథొనీ ఆండర్సన్, మార్లీ షెల్టన్. ఓపెనింగ్‌లోనే క్రిస్టెన్ బెల్, అన్నా పాక్విన్ సహా చాలామందిని వాడేశారు.

ఇందులో పనెటియేర్ చేసిన కర్బీ కోసమైనా సినిమా చూడాలి. పొట్టి జుట్టు, నోటి దురుసు, హారర్ సినిమాలన్నీ నాలిక మీద ఉన్న అమ్మాయి. ఫోన్‌లో గొంతు ఆమెని క్విజ్ అడుగుతుంది, గాజు తలుపు అవతల స్నేహితుడు కుర్చీకి కట్టేసి ఉంటాడు. రీమేక్‌ల గురించి ప్రశ్న పూర్తి కాకుండానే ఆమె ఊపిరి తీసుకోకుండా పేర్లు వరుసగా అప్పజెప్పేస్తుంది. గొంతు వణుకుతుంది, జవాబులు మాత్రం తడబడవు. రాండీ లాంటి సినిమా పిచ్చి పాత్రలు ప్రతి భాగంలోనూ ఉంటాయి గానీ, ఆ పిచ్చి ప్రాణం మీదికొచ్చినప్పుడు ఎలా ఉంటుందో ఇంత బాగా ఎవరూ చేయలేదు. ఆరో భాగంలో ఈవిడ మళ్లీ కనిపిస్తుంది, అది పోస్టర్ మీదే ఉంది కాబట్టి చెప్పేశాను. నాలుగు చూడకుండా ఆరు చూస్తే ఆ ఎంట్రీకి విజిల్ ఎందుకు వేశారో మీకు అర్థం కాదు.

మధ్యలో ఒక మాట. వారసుల గోల మన ఇండస్ట్రీలోనే ఉందనుకునేవాళ్లు ఈ సిరీస్ తారాగణం లిస్టు ఒకసారి చూడండి. డ్రూ బ్యారీమోర్ది తరతరాల నటుల కుటుంబం. ఎమ్మా రాబర్ట్స్ జూలియా రాబర్ట్స్ మేనకోడలు. రోరీ కల్కిన్ హోమ్ అలోన్ కుర్రాడు మెకాలే కల్కిన్ తమ్ముడు. ఐదో భాగంలోని జాక్ క్వెయిడ్ మెగ్ రయాన్, డెనిస్ క్వెయిడ్‌ల కొడుకు, మేసన్ గూడింగ్ క్యూబా గూడింగ్ జూనియర్ కొడుకు. రెండో భాగంలో పోలీసు చీఫ్‌గా వేసింది డేవిడ్ ఆర్కెట్ వాళ్ల నాన్నే. అందరూ బాగానే చేశారు, అది వేరే సంగతి.

ఐదోది 2022లో వచ్చింది, పేరు మళ్లీ స్క్రీమ్ అనే పెట్టారు, వెతికేటప్పుడు సంవత్సరం చూసుకోండి. దర్శకులు మ్యాట్ బెటినెల్లి-ఓల్పిన్, టైలర్ జిల్లెట్. ఇప్పటి పిల్లలకి ఈ సిరీస్ అంటే ఈ గ్యాంగే. అక్కాచెల్లెళ్లు శామ్, టారాగా మెలిస్సా బరేరా, జెన్నా ఒర్టెగా, కవలలు మిండీ, చాడ్‌గా జాస్మిన్ సవోయ్ బ్రౌన్, మేసన్ గూడింగ్, వీళ్లతో పాటు జాక్ క్వెయిడ్, మైకీ మాడిసన్, డిలన్ మినెట్. అదే ఏడాది చివర్లో వెన్స్‌డే సిరీస్‌తో ఒర్టెగా ఎక్కడికో వెళ్లిపోయింది, మాడిసన్ 2025లో అనోరా సినిమాకి ఉత్తమ నటి ఆస్కార్ అందుకుంది. అలా చూస్తే రేపటి స్టార్లని ముందే పట్టుకున్న గ్యాంగ్ ఇది.

ఓపెనింగ్‌లో ఒర్టెగా అద్భుతం. ల్యాండ్‌లైన్ మోగుతుంది, చేతిలో సెల్‌ఫోన్ ఉంది, ఇంటి తాళాలు కూడా ఫోన్‌లోనే. ఆమె తాళం వేస్తుంటే వాడు తీస్తుంటాడు, ఆమె మళ్లీ వేస్తుంది. ఆ కొద్ది క్షణాల్లో ఆమె మొహం చూడండి. కానీ సినిమాలోకి సిడ్నీ, గేల్, డ్యూయీ వచ్చేసరికి కొత్తవాళ్లకి చోటు తగ్గిపోతుంది, అక్క పాత్ర ఒంటరిగా లాగాల్సి వచ్చిన చోట కొంచెం బరువవుతుంది. కాక్స్, ఆర్కెట్ ఎదురుపడే సీన్ మాత్రం వేరే స్థాయి. వీళ్లిద్దరూ మొదటి స్క్రీమ్ సెట్‌లోనే కలిశారు, 1999లో పెళ్లి చేసుకున్నారు, నాలుగో భాగం తీసిన 2010లోనే విడిపోతున్నట్టు చెప్పారు, 2013లో విడాకులు. ఆ తర్వాత ఇన్నేళ్లకి డ్యూయీ, గేల్‌గా ఎదురెదురుగా నిలబడి పాత సంగతులు మాట్లాడుకుంటుంటే ఎక్కడ నటన ఆగిందో ఎక్కడ జీవితం మొదలైందో తెలియదు. ఇది పూర్తిగా అందాలంటే మొదటి రెండు భాగాలు చూసి ఉండాలి.

ఆరోది 2023, న్యూయార్క్ కథ, తీసింది మాత్రం మాంట్రియల్‌లో. ఇవ్వజూపిన పారితోషికం తన విలువకి తగ్గట్టు లేదని నీవ్ క్యాంప్‌బెల్ చేయనంది, సిడ్నీ లేని మొదటి స్క్రీమ్ ఇదే. అయినా అమెరికాలో 100 మిలియన్ డాలర్లు దాటేసింది. శామ్, టారా, మిండీ, చాడ్ నలుగురూ ఇక్కడ ఒక కుటుంబమైపోతారు, తమకి తామే కోర్ ఫోర్ అని పేరు పెట్టుకుంటారు. ఒక అపార్ట్‌మెంట్ కిటికీ నుంచి ఎదురు బిల్డింగ్ కిటికీకి నిచ్చెన అడ్డంగా వేసి, కింద అంత ఎత్తు చూస్తూ ఒక్కొక్కరే పాకే సీన్‌లో నా అరచేతులు చెమటలు పట్టాయి, ఎందుకంటే అప్పటికి వాళ్లంతా నచ్చేశారు. కానీ చిక్కు కూడా అక్కడే. ఆ నలుగురినీ అంతగా ప్రేమించాక వాళ్ల మీద అనుమానం రాదు, వాళ్లకేదైనా అవుతుందన్న భయం కూడా పలచబడుతుంది. ఇక అనుమానించడానికి మిగిలేది చుట్టూ ఉన్న కొత్త మొహాలే, డెర్మట్ మల్రోనీ, లియానా లిబెరాటో, జాక్ చాంపియన్ లాంటివాళ్లు. అయ్యో అనేవాళ్లొకవైపు, అనుమానించాల్సినవాళ్లొకవైపు విడిపోయారు. యాక్షన్‌గా అదిరిపోతుంది, పజిల్‌గా సగమే.

ఆ గ్యాంగ్ కథ అక్కడితో తెగిపోయింది కూడా. 2023 నవంబర్‌లో గాజా యుద్ధం మీద సోషల్ మీడియా పోస్టుల కారణంగా బరేరాని తీసేశారు, ఒర్టెగా కూడా తర్వాతి భాగంలో లేదని తేలింది, ఏడో భాగాన్ని క్యాంప్‌బెల్‌ని తిరిగి తెచ్చి విలియమ్‌సన్ దర్శకత్వంలో మొదలుపెట్టారు. దాన్ని ఈ పోలికలో కలపలేదు, ఆరింటి సంగతే ఇది.

సరే, మీ సంగతి. ఒక్క సినిమాకే టైముంటే మొదటిది, ఇందులో చర్చ లేదు. హాస్టల్ రూమ్‌లో పదిమంది కూర్చుని ఎవడు హంతకుడో పందెం వేసుకుంటూ చూడాలంటే నాలుగోది పెట్టండి, పాతవి తెలియకపోయినా పెద్ద నష్టం లేదు, ప్రతివాడికీ అనుమానించడానికి ఒకడు దొరుకుతాడు. తొంభైల నాటి మొహాలు, ఇప్పటి పెద్ద నటులు కుర్రాళ్లుగా ఉన్నప్పుడు ఎలా ఉండేవాళ్లో చూడాలనుంటే రెండోది. జెన్నా ఒర్టెగా కోసమే వస్తున్నట్టయితే ఐదు, ఆరు వరుసగా చూసేయండి, కానీ దయచేసి మొదటిది చూశాకే, లేకపోతే ఐదులో సగం సీన్లు ఎందుకున్నాయో తెలియక పక్కవాళ్లని అడుగుతూ వాళ్ల సినిమా కూడా పాడుచేస్తారు. రక్తం చూస్తే పడనివాళ్లు కాస్త నయంగా ఉండే మూడోదాన్ని ప్రయత్నించవచ్చు. పిల్లలతో మాత్రం ఏదీ వద్దు, అన్నీ పెద్దల సినిమాలే.

ఇంకొక్కటి. పైన ఇంతమంది పేర్లు రాశాను కదా, ఎవరబ్బా ఈవిడ అని సినిమా మధ్యలో గూగుల్‌లో కొట్టకండి. నటుడి పేరు పక్కన పాత్ర పేరు, దాని పక్కన హంతకుడు అన్న మాట అడక్కుండానే వచ్చి పడతాయి. యూట్యూబ్ థంబ్‌నెయిళ్లు ఇంకా అన్యాయం, ముసుగు తీసిన మొహాన్నే అతికించి పెడతారు. ఎవరు ఎవరో చూసుకోవాలంటే సినిమా అయ్యాకే చూసుకోండి.